నచ్చినాయప్ప, నచ్చనాయప్ప

ఎడమకాలి ప్యాడు కుడికాలికి కట్టుకున్నానని మా టీము యాదగిరి చెప్పేదాకా నాకు తెలీనే లేదు. విప్పి మళ్లా కట్టుకుంటాండా. ఇన్నేండ్లు స్టీరింగు పట్టిన వేళ్లు, దుమ్ము లేసి ముందర బండి కనపడకపోయినా ఒణకని వేళ్లు, ఈ బెల్టు ముక్కలకు భయపడతాండాయి. కోస్టరు బస్సు నీడలో ఐసుడబ్బా మీద కూచోని ఉండా. నా తల పైన కోస్టరు కిటికీ, కిటికీకి పరదా, పరదా వెనక మేరాజ్. నా పెండ్లాం. విజిటు వీసా మీద వచ్చి నెల కాలేదు, ఈ గ్రౌండుకు రావడం ఇదే మొదలు, వచ్చిన పొద్దే మొగుడు ప్యాడ్లు కట్టుకుంటాడని ఆమె అనుకోలేదు, మొగుడూ అనుకోలేదు. నేను ఆటగాన్ని కాదు, ఈ కోస్టరు డ్రైవర్ని. శుక్రవారం శుక్రవారం తెల్లారి ఫజర్ నమాజు కాంగానే, ఈ అరబ్బు దేశంలో మేముండే హుఫూఫ్‌లో మా నఖీల్ క్రికెట్ టీము పిల్లోల్లను ఎక్కించుకోని, ఖోబర్ ఇవతల ఈ ఇసక గ్రౌండు కాడ దింపి, ఆట చూసి, మధ్యాన్నం జుమా నమాజు లోపల మళ్లా ఎక్కించుకునేది నా పని. పని అని ఎవరూ చెప్పలేదు, నేనే మా ముదీర్ను, అదే మేనేజర్ను, అడిగి బండి తాళం తెచ్చుకుంటా. గ్రౌండు చుట్టూ ఉండే సున్నంగీత దాటి లోపలికి పోయినానంటే నీళ్లసీసాలు ఇచ్చేదానికే. ఈ పొద్దు మా టీములో రాజేశంను వాళ్ల కంపెనీవాళ్లు పైపు పగిలిందని తెల్లారకముందే పిలుచుకోని పోయినారు. పదిమందే మిగిలినారు. మా కెప్టెన్ అఖీల్, హైదరాబాదు పిల్లోడు, ఆఫీసులో కంప్యూటరు ముందర కూచునేవాడు, టాసుకు పోతా పోతా నా భుజం మీద చెయ్యేసి, "చాచా, నీ పేరు రాసిన. ఊకే నిలబడు, నీదాంక రాదు" అన్నాడు. ఫీల్డింగులో నిజంగానే నాదాంక పెద్దగా రాలేదు. వచ్చిన ఒక్క బంతిని మోకాలి కింద ఎముకతో ఆపినా, ఆ తావ ఇప్పుడు కోడిగుడ్డంత లేసింది. కానీ బ్యాటింగు నాదాంక వచ్చేట్టే ఉండాది.

ఫైనలు ఇది. అవతల కోర్నిష్ స్టార్స్. ఖోబర్ టీము. మేము వాళ్ల మీద ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి గెలవలేదు. వాళ్లకు బ్యాట్లు మంచివి, బూట్లు మంచివి, సముద్రం గాలి తాగి పెరిగినోళ్ల మాదిరి వాళ్ల నడక కూడా వేరేగా ఉంటాది. మావాళ్లు సెంట్రింగు చేసేవాళ్లు, ఖర్జూరం తోటల్లో మోటార్లు బాగుచేసేవాళ్లు, మొబైలు షాపులో స్క్రీన్లు మార్చే కాషిఫ్. ఓడిపోయిన టీమును ఇంటికి తోలుకపోయేది ఎట్లుంటాదో నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. అద్దంలో చూస్తే ఒక్కడూ మాట్లాడడు, ఒకడు కిటికీకి తల ఆనించుకోని నిద్రపోయినట్ల నటిస్తాడు, నేను ఏసీ పెంచి, రేడియో తగ్గించి, స్పీడుబ్రేకరు వచ్చినప్పుడు మెల్లగా ఎక్కిస్తా, దెబ్బ తగిలినోళ్లను తీసకపోతాండట్ల. ఎన్ని శుక్రవారాలు అట్ల పోయినామో. ఇప్పుడు మాత్రం అఖీల్ కొడతాండాడు, బంతి హద్దుకు పెట్టిన డ్రమ్ముల అవతలికి పోతాంది, మావాళ్లు అరుస్తాండారు, గెలుస్తామేమో అని అనుకుంటాండా. ఈ అనుకోవడం నాకు అలవాటు లేదు.

ఇప్పుడు బంతి మునిస్వామి చేతికి ఇచ్చినారు. అదో, అదే. గెలుస్తామేమో అన్న మాటను నోట్లోనే మింగినా. మింగినా గానీ, రోంత ముందుకు జరిగి కూచున్నా కూడా. సిగ్గులేదు నాకు. వానిది అవతలి టీము, వాడు బంతేస్తే పడేది మా వికెట్లు, అయినా వాడు బౌలింగుకు వస్తే నేను టీ తాగేది ఆపుతా. పలమనేరు పక్క పల్లె. ధహ్రాన్‌లో ఏసీ డక్టులు బిగించే పని. సన్నంగా నల్లగా ఉంటాడు, నాలుగడుగులు వేస్తాడు, పరిగెత్తడు, నడుస్తాడు, కూరగాయలు కొనేదానికి పోతాండట్ల నడిచి, ఎడమచేత్తో బంతిని పైకి వదలతాడు. విసరడు, వదలతాడు. ఆ బంతి పోయి పోయి గాల్లో ఒకచోట నిలబడతాది. నిలబడదని నాకు తెలుసు, కానీ నిలబడతాది. ఆ నిలబడిన రవ్వంత సేపు నాకు ఈ గ్రౌండు లేదు, ఎండ లేదు, ఈ దేశంలో ఉండేదానికిచ్చే ఇఖామా కార్డు తేదీ లేదు, రాయచోటిలో కారుతాండే మా ఇంటి మిద్దె లేదు. తర్వాత బంతి కింద పడి తిరిగి మావాడి స్టంపు లేపేస్తాది, మావాళ్లంతా తల పట్టుకుంటారు, నేనూ పట్టుకుంటా, కానీ లోపల ఆహా అనుకుంటా. ఒకసారి ఆట అయినాక ధైర్యం చేసి, "ఎట్ల వేస్తావప్పా దాన్ని?" అని అడిగినా. బంతి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు ఒక్కొక్కటి తీసి కుట్టు మీద సర్ది, నా మణికట్టు పట్టుకోని ఒకసారి తిప్పినాడు. అంతే. నవ్వి పోయినాడు. ఆ రాత్రి వంట చేసుకుంటా ఉల్లిగడ్డను అట్ల తిప్పి చూసినా. మేరాజ్‌కు ఫోన్లో చెప్తే, "ఆయప్పకు పెండ్లయిందా?" అని అడిగింది. ఆమెకు ఎవరిని గురించి చెప్పినా మొదట అడిగేది అదే.

ఇంకొకడున్నాడు. వాడు నచ్చడు. స్టంపుల వెనక కూచున్నాడు చూడు, గుండ్రంగా, టోపీ వెనక్కి తిప్పుకోని, గ్లౌజులు రెండూ తప్పెట్ల మాదిరి తట్టుకుంటా. నబీ రసూల్. వాని ఊరు మా రాయచోటికి ఆమడ దూరం ఉండదు, లక్కిరెడ్డిపల్లె పక్క. ఆ మాట మొదట తెలిసినప్పుడు నాకు సంతోషమయింది, వాడు నోరు తెరిచేదాకా. ఆట మొదలైతే వాడు ఊపిరి తీసుకోడు. తిట్లు కావు, తిడితే అంపైరు పంపిస్తాడు, తెలుగులో మాట్లాడతాడు, మెల్లగా, మంచిచెడ్డ అడిగినట్ల, పెషావరు అంపైర్లకు ముక్క అర్థం కాదు. అఖీల్‌తో, "కెప్టెనూ, ముందుకాలు తొందరపడి పెడతాండావు, చూసుకో" అంటాడు. అఖీల్ కాలు చూసుకుంటాడు, ఎల్బీడబ్ల్యూ అయితాడు. పోయిన ఏడు సెమీఫైనల్లో యాదగిరి నిలబడి కొడతాంటే, "అన్నా, నీ బ్యాటు చీలింది" అన్నాడు. యాదగిరి బ్యాటు చూసుకున్నాడు, చూసుకుంటానే ఉన్నాడు, తర్వాత బంతికి బౌల్డు. ఆ దినం బండిలో యాదగిరి వాళ్ల ఊరు నిర్మల్ దాకా వినపడేట్ల తిట్టినాడు, నేనూ తోడు తిట్టినా. ఇంకొకసారి నా టీ నేను పోసుకుంటాంటే, పిలవకుండానే వచ్చి కప్పు చాపి, "ఘనీ భాయ్, నీది కోస్టరు కాదప్పా, అంబులెన్సు. ఎప్పుడు చూసినా దెబ్బలు తిన్నోళ్లనే తీసకపోతావు" అన్నాడు. అందరూ నవ్వినారు. మావాళ్లు కూడా నవ్వినారు. టీ మటుకు పోసిచ్చినా, కప్పు చాపినోన్ని కాదనలేక. అప్పటినుంచి వాని మీద నా కోపం ఉన్నట్టే ఉండాది, తగ్గలేదు, నేను తగ్గించుకోలేదు. మనిషికి నచ్చేవాడు ఒకడుంటే నచ్చనివాడు కూడా ఒకడుండల్ల, లేకుంటే ఆట ఎవరు చూస్తారు.

"ఇదో, ఆయప్పేనా?" పరదా కదిలింది. మేరాజ్ గొంతు. "ఆ నోరున్నాయప్ప?"

"ఆయప్పే."

"మనూరి మాట మాట్లాడతాడే. ఈడికి వినపడతాంది. వచ్చినప్పటినుంచి మనూరి మాట బయట మనిషి నోట్లోనుంచి ఇదే వినేది." నవ్వింది. పరదా వెనక మెల్లగా కాదు, బాగానే నవ్వింది. "బ్యాటు పట్టుకున్నాయన్ను, పొద్దున ఏం తిన్న్యావు, అట్ల ఊగతాండావు అంటాండాడు."

ఇన్నేండ్లు నేను ఫోన్లో చెప్పి చెప్పి తిట్టిన మనిషిని చూసి నా పెండ్లాం నవ్వతాంది. ఇంతలో ఓ అని అరుపు. తలెత్తి చూస్తే అఖీల్ బ్యాటు చంకలో పెట్టుకోని నడిచి వస్తాండాడు. మునిస్వామే. చూడలేకపోయినా ఆ బంతి, అయ్యో, ప్యాడు బెల్టు చూసుకుంటా ఉండిపోయినా. అఖీల్ ముఖం తెల్లగా పోయింది. యాదగిరి లేసి హెల్మెటు పెట్టుకుంటా, "కాకా, నువ్వు గిట్ల బొమ్మ లెక్క కూసోకు, చేతులు గుంజుకో, పట్టుకుంటయ్" అని చెప్పి పోయినాడు. చేతులు గుంజుకుంటా ఉండా. బ్యాటు ఒకటి ఇచ్చినారు, పిడి జారతాంది, చొక్కాకు తుడుచుకుంటా ఉండా. బ్యాటు ఎప్పుడు పట్టుకున్నా నేను? రాయచోటిలో, బస్టాండు వెనక, కొబ్బరిమట్టతో, వయసు చెప్పేదానికి సిగ్గయితాది, అంత చిన్నప్పుడు. తర్వాత క్లీనరు పని, తర్వాత లారీ, తర్వాత ఈ దేశం. పెండ్లిండ్లకు బస్సు తోలినా, పెండ్లి చూడలేదు, బయట బండి కడుగుతాంటి. తిరుణాలకు తోలినా, తిరుణాల చూడలేదు. ఈడ ఇంజనీర్ల పిల్లోల్లను సముద్రానికి తోలినా, కాళ్లు తడపలేదు. మనుషుల్ని తీసకపోయి వాళ్లకు కావాల్సినచోట దింపడం నాకు బాగా వచ్చు. నేను దిగడం నాకు రాదు.

యాదగిరి కొడతాండాడు. మునిస్వామి ఓవరు ఒకటి దాచిపెట్టినారు, ఆఖర్లో వేయిస్తారు, నాకు తెలుసు, వాళ్ల కెప్టెన్ ఎప్పుడూ అంతే. అవతలి పక్క వికెట్లు పోతాండాయి. ఒకడు రనౌటు. ఇంకొకడు నా కండ్ల ముందరే బౌల్డు. కాషిఫ్ పోయినాడు. కాషిఫ్ తర్వాత నేనే. యా అల్లా, కాషిఫ్‌కు ఆయుష్షు పొయ్యి. లేసి నిలబడినా, కూచున్నా, మళ్లా లేసినా. ఎండ నడినెత్తికి వస్తాంది. అఖీల్ నా పక్కన నిలబడి వేళ్లు కొరుక్కుంటాండాడు, నా హెల్మెటు పట్టీ సరిచేసినాడు. ఆఖరు ఓవరు మునిస్వామి చేతికి పోయింది. యాదగిరి ఒకటి తీసినాడు, కాషిఫ్ ఒకటి తీసినాడు, మళ్లా యాదగిరి ఒకటి, ఇంక రెండు పరుగులు, రెండే, కొట్టల్సింది కాషిఫ్, మెల్లగా తోస్తే చాలు, వాడు మెల్లగా తోసేవాడా, కండ్లు మూసుకోని ఆకాశానికి లేపినాడు. బంతి పైన తిరగతా ఉంటే అందరూ నోరు తెరిచి పైకి చూస్తాండారు. నేను మాత్రం బ్యాటు ఎత్తుకున్నా. చూడాల్సిన పనిలేదు. ఆ ఫీల్డరు వదలడు.

పరదా పక్కకు జరిగింది. మేరాజ్ ముఖం కనపడింది. "పోతాండావా?"

"పోతాండా."

ఆమె చెయ్యి కిటికీలోనుంచి చాపి నా హెల్మెటు మీద తట్టింది, బండి మీద తట్టి పోనీ అని చెప్తాం చూడు, అట్ల.

సున్నంగీత దాటినా. ఇది ఇంత దూరమా. బయటనుంచి చూస్తే పిచ్చు నాలుగడుగుల్లో ఉన్నట్ల ఉండేది, నడుస్తాంటే ఎంతకీ రాదు. ఇసకలో బూటు దిగతాంది. ప్యాడ్లు ఒకటికొకటి తగులుకుంటాండాయి. రెండు బంతులు మిగిలినాయి, రెండు పరుగులు కావల్ల, ఒకటే తీస్తే టై, టై అయితే లీగులో పైనున్నోళ్లకే కప్పు, అంటే వాళ్లకే. ఇంకొక వికెట్టు లేదు. నేనే ఆఖరు. యాదగిరి ఎదురొచ్చి, "కాకా, తగిలితె సాలు, నేను ఉరుకుత, నువ్వు గూడ ఉరుకు" అన్నాడు. సిమెంటు పట్టీ మీద పచ్చ మ్యాటు, అంచుల్లో మేకులు. బ్యాటు పెట్టి నిలబడినా. దూరంనుంచి చూసిన మనిషి ఎదురుగ్గా ఉండాడు. మునిస్వామి. నన్ను చూసి తల రోంత ఊపినాడు. వెనకనుంచి గొంతు.

"రా భాయ్ రా. ఏందిది, డ్రైవర్నే ఎక్కించినారా? హ్యాండుబ్రేకు వేసినావా లేదా?"

ఇన్నేండ్లు అవతలినుంచి విన్న గొంతు నా చెవి కాడికి వచ్చింది. వెల్లుల్లి వాసన కూడా వచ్చింది. వినకూడదు. వినకూడదు అనుకుంటే ఇంకా బాగా వినపడతాంది. "చేతులు ఒణకతాండాయి భాయ్, పిడి గట్టిగా పట్టుకో" అంటాండాడు. ఒణకతాండాయి, నిజమే. గట్టిగా పట్టుకున్నా. నాలుగడుగులు. వచ్చింది చెయ్యి. వదిలినాడు. ఆ బంతి, ఇన్నేండ్లు పక్కనుంచి చూసిన బంతి, ఇప్పుడు నాకోసం వస్తాంది. పక్కనుంచి చూస్తే నిలబడతాది అనుకున్నా, ఎదురుగ్గా చూస్తే నిలబడడం కాదు, పిలుస్తాది. రా అంటాది. నేను పోయినా. కాలు నన్ను అడగకుండానే గీత దాటి ముందుకు పోయింది, బ్యాటు తిప్పినా, బంతి బ్యాటు కింద లేదు, ఎప్పుడో పక్కకు తిరిగి పోయింది, ఎంత బాగా పోయిందంటే, బేల్సు ఎగిరిన శబ్దం వినపడేదాంకా నేను ఆహా అనుకుంటానే ఉండా.

అయిపోయింది. స్క్వేరు లెగ్గులో ఉండే అంపైరు వేలెత్తినాడు. స్టార్సు వాళ్లు ఎగరతాండారు, ఒకడు స్టంపు పీకేదానికి వస్తాండాడు. మావాళ్లు సున్నంగీత కాడ కూలబడినారు. నేను చూడకూడదనుకుంటానే కోస్టరు పక్క చూసినా. పరదా తెరిచే ఉండాది. తిరిగి నడిచే దూరం ఇంకా ఎక్కువుంటాది, నాకు తెలుసు, ఎంతమందిని చూసినా అట్ల వచ్చేవాళ్లను. రెండడుగులు వేసినా. వెనకనుంచి గొంతు వచ్చింది, ఈసారి తెలుగు కాదు, ఉర్దూ, గట్టిగా, అంపైరుకు వినపడేట్ల.

"నాట్ అవుట్ హై జనాబ్. గేంద్ ఇస్ హాథ్ మే థీ."

తిరిగి చూస్తే నబీ రసూల్, బంతి ఈ చేతిలో ఉండిందంటా, రెండు గ్లౌజులూ చాపి నిలబడినాడు. ఎడమ గ్లౌజులో బంతి. కుడి గ్లౌజు ఖాళీ. స్టంపును కొట్టింది ఆ ఖాళీ గ్లౌజు. బంతి ఉన్న చేత్తో కొట్టల్ల, లేకుంటే అవుటు కాదు. వాళ్ల కెప్టెన్ ఉరికి వచ్చినాడు, ధహ్రాన్ ఇంజనీరు, ముఖం ఎర్రగా చేసుకోని ఇంగ్లీషులో ఏందో అంటాండాడు, అంపైరు ఇచ్చినాక నీకేం పని అంటాండాడు, ఎవరూ చూడలేదు గదా అంటాండాడు. నబీ రసూల్ గ్లౌజు విప్పి చంకలో పెట్టుకోని, "నేను చూసినా గదా సార్" అన్నాడు. కెప్టెన్ మునిస్వామి పక్క తిరిగినాడు. నీ వికెట్టు, నువ్వు చెప్పు, అన్నాడు. మునిస్వామి వచ్చి నబీ రసూల్ చేతిలోనుంచి బంతి తీసుకోని, ప్యాంటుకు తుడుచుకుంటా, బంతేసే తావకు పోయి, ఇంకొక బంతి వేసేదానికి నిలబడినాడు. అంతే. అంపైరు వేలు కిందికి దిగింది.

నేను మళ్లా వచ్చి నిలబడినా. వెనక వాడు కూచున్నాడు. తల తిప్పి, "షుక్రియా" అన్నా.

"దేనికి? ఇన్నేండ్లు ఈడ కూచోని ఇంత మాట్లాడినా, ఒక్క అబద్ధం చెప్పినానా?" అన్నాడు. "ఇప్పుడూ నిజమే చెప్తాండా, నీ ఎడమ ప్యాడు బెల్టు ఊడింది."

చూసుకున్నా. ఊడింది. ఒంగి పెట్టుకుంటాంటే ఒక్కొక్కటి తలకాయలోకి వస్తాంది. యాదగిరి బ్యాటు నిజంగానే చీలింది, వారం తిరక్కముందే రెండు ముక్కలయింది. అఖీల్ కాలు నిజంగానే తొందరపడతాది. అంబులెన్సు మాట కూడా, ఎక్కడ తప్పు ఉండాది అందులో. నిజం చెప్పి ఏడిపించేవాడు వీడు. అబద్ధాలైతే మాకు ఇంత మండేది కాదు. మంచోడని తెలిసిపోయింది, అయినా నచ్చలేదు. మంచోడైతే నచ్చాలని ఏముంది. వానిమీద కోపం నాది, దాన్ని ఒక్క గ్లౌజుకు ఇచ్చేస్తానా. లేసి నిలబడినా. ఇప్పుడు చేతులు ఒణకడం లేదు. ఎందుకో నాకు తెలీదు. ఒకసారి అవుటై వచ్చినోనికి ఇంకేం భయం ఉంటాది.

నాలుగడుగులు. చెయ్యి వచ్చింది. పోయినసారి కంటే మెల్లగా, పోయినసారి కంటే పైకి, ఇంకా బాగా, వాడు నాకు సులువుగా ఒక బంతి ఇస్తాడేమో అని ఎక్కడో లోపల అనుకున్నానేమో, ఇవ్వలేదు, ఆయప్పకు మొక్కల్ల, తన దగ్గరుండే అన్నిటికంటే మంచి బంతి ఇచ్చినాడు, ఈ డ్రైవరుకు. రా అనింది. నేను పోలేదు. కాలు లేసింది, ఆపుకున్నా, రానీ, అదే రానీ, పడింది, తిరిగింది, తిరిగేచోటికి బ్యాటు చాపినా, టక్ అనింది. ఆ శబ్దం చేతుల్లోనుంచి పండ్లలోకి వచ్చింది. పాయింటు పక్కనుంచి బంతి పోతాంది, మెల్లగా, ఇసకలో, ఫీల్డరు ఉరకతాండాడు. "ఉరుకు కాకా!" ఉరికినా. నేను. ఉరికి ఎన్నేండ్లయింది, బస్సు తప్పిపోతాదని కూడా ఉరకలేదు, బస్సు నాదే గదా, మోకాలు కొట్టుకుంటాంది, ప్యాడు కొట్టుకుంటాంది, కోడిగుడ్డు ఎముక కొట్టుకుంటాంది, యాదగిరి ఎదురొచ్చి పోయినాడు గాలి మాదిరి, అవతలి గీతకు బ్యాటు తగిలించినా, ఒకటి, తిరిగినా, తిరగతాంటే ఫీల్డరు చేతిలో బంతి కనపడింది, ఉండిపోదామా, ఒకటి చాలదు, ఒకటి చాలదు, ఎప్పుడూ ఒకటి దగ్గరే ఉండిపోయినాం, ఉరికినా, వాడు విసిరినాడు, ముందర నబీ రసూల్ రెండు చేతులూ చాపి బంతికోసం చూస్తాండాడు, కోస్టరు పక్కనుంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది, "పో, పో, పో" అని, ఆ గొంతు ఇంత పెద్దదని పెండ్లయినప్పటినుంచి నాకు తెలీదు, గీత ఉండాది ముందర, కాళ్లు అయిపోయినాయి, అయిపోతే పడల్ల, పడినా, బ్యాటు ముందుకు చాపి పొట్టమీద పడినా, మ్యాటు చెయ్యి గీరింది, ఇసక నోట్లో పడింది, బేల్సు ఎగిరినాయి, నా తల మీద ఒకటి పడింది.

నేను తల ఎత్తలేదు. ఎత్తేదానికి ధైర్యం లేదు. అంపైరు ఏమంటాడో అని చెవులు పెట్టుకోని ఉండా. అంపైరు కంటే ముందు నబీ రసూల్ అరవల్ల. ఈ ఊరికీ పక్కూరికీ వినపడేట్ల అరుస్తాడు వాడు, రవ్వంత అనుమానం ఉన్నా అరుస్తాడు. అరవలేదు. నా పైన, నా నెత్తి మీద, బంతి చేతిలో పట్టుకోని నిలబడినాడు, నోరు తెరవలేదు. ఆ నోరు తెరవలేదంటే, అప్పుడు తెలిసింది నాకు. గెలిచినాం. అల్లా, గెలిచినాం మేము. అంపైరు చేతులు అడ్డంగా ఊపింది నేను చూడనే లేదు, మావాళ్లు చెప్పినారు తర్వాత. నేను ఇసకలో ముఖం పెట్టుకోని నవ్వతాండా.

తర్వాత అంతా కాళ్లూ చేతులూ. యాదగిరి నామీద పడినాడు, వానిమీద కాషిఫ్, వానిమీద ఎవరో. నన్ను లేపి భుజాల మీద ఎక్కించుకునేదానికి చూసినారు, నా బరువుకు అందరం కింద పడినాం. అఖీల్ ఏడుస్తాండాడు, ఆఫీసు మనిషి, ముక్కు కారుతాంటే తుడుచుకోకుండా ఏడుస్తాండాడు. మునిస్వామి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి గరుగ్గా ఉంది, రేకులు కోసే చెయ్యి. "బాగా చూసినావు సామీ ఆఖర్దాన్ని," అన్నాడు. "నేను పడిపోతావనుకున్న్యా." అంత పొడుగు మాట ఆయప్ప నాతో మాట్లాడింది అదే. ఇంక నాకు కప్పు ఇచ్చినా ఇవ్వకున్నా ఒకటే. జనాన్ని తోసుకుంటా నల్ల బురఖా ఒకటి వస్తాంది, సున్నంగీత దాటి, ఎవర్నీ అడగకుండా, చేతిలో నీళ్లసీసా. మేరాజ్. నాకు సీసా ఇచ్చి, నబీ రసూల్ పక్క తిరిగింది.

"ఏమప్పా, ఇన్నేండ్లూ ఫోన్లో నిన్ను తిట్టని వారం లేదు ఈ మనిషి."

"తెలుసక్కా," అన్నాడు వాడు. "నేనూ మా ఇంట్లో ఈయప్పనే తిడతాంటి. రోజంతా గీత మీద నిలబడి మమ్మల్ని చూసి గొణుగుతాండే మనిషి ఒకడుండాడని."

ఆమె నవ్వింది. వాడూ నవ్వినాడు. నేను నవ్వకూడదనుకున్నా. నీళ్లు తాగతాంటే నవ్వొచ్చి ముక్కులోకి పోయింది.

ఇప్పుడు మసీదులో కూచోని ఉండా. గ్రౌండుకు దగ్గర్లో రోడ్డు పక్క మసీదు, రెండు టీములవాళ్లూ ఈడికే వచ్చినారు, ఏసీ చల్లగా తగలతాంది. ఇంతసేపూ అరబ్బీలో ఇమామ్ ఖుత్బా ప్రసంగం జరిగింది, నాకు సగం అర్థమయింది, సగం బంతి కనపడింది. బయట కోస్టరు నీడలో యాదగిరి, మునిస్వామి నా ఫ్లాస్కులో టీ పోసుకోని కూచున్నారు, వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుంటారో, ఒకడు మాట్లాడడు, ఇంకొకడు ఆపడు. ఆడోళ్ల పక్క మేరాజ్ ఉండాది. నా కుడిపక్క అఖీల్, ఎడమపక్క ఎవరని చూస్తే నబీ రసూలే, వరుసలో తావ దొరక్క వచ్చి దూరినాడు. అందరం లేసినాం. భుజానికి భుజం తగిలింది. సజ్దాకు పోయినా. నుదురు తివాచీకి ఆనించంగానే గడ్డంలోనుంచి ఇసక రాలింది, నా కండ్ల ముందరే, చిన్న కుప్పగా. పండ్ల మధ్య ఇంకా కరకరమంటాంది. మోకాలు రేపటికి వాస్తాది. అల్లాను అడగల్సినవి శానా ఉండాయి, నాకు తెలుసు. ఇఖామా రెన్యువలు ఉండాది. మిద్దె ఉండాది. మేరాజ్ వీసా ఇంకొక మూన్నెల్లు పెంచితే బాగుండు. కూతురు ఆసిఫాకు కాన్పు దగ్గర పడింది. ఒక్కొక్కటి గుర్తు తెచ్చుకుంటా వస్తాండా, ఒక్కటీ నోటిదాంకా రాదు, అన్నిటికీ ముందర బంతి పాయింటు పక్కనుంచి మెల్లగా, ఇసకలో, పోతానే ఉండాది. సరేలే. ఆయనకు తెలీనివా ఇవన్నీ. అడిగేవన్నీ వచ్చే శుక్రవారం అడుగుతా. ఈ శుక్రవారం ఏమీ అడగను, నుదురు ఇంకొంచెం గట్టిగా నేలకు ఆనించి, ఆ రెండో పరుగు ఇచ్చినందుకు, అది ఒక్కదానికే.